తెలుగు ఫెలోషిప్పా, వీధి చివరి చర్చా? బర్మింగ్‌హాంలో మా కుటుంబం ఎక్కడ ఆరాధించాలి?

ప్రశ్న (బర్మింగ్‌హాంలో ఉంటున్న ఒక తండ్రి)

అందరికీ ప్రభువు నామమున వందనములు. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ప్రాంతం కనుక, సంఘం లేని ఆదివారం ఎలా ఉంటుందో ఇక్కడికి వచ్చేవరకు నాకు తెలియదు. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం నలభై నిమిషాలు కారులో వెళ్లి, ఒక స్కూలు హాలులో జరిగే తెలుగు ఫెలోషిప్పులో ఆరాధిస్తున్నాం. మా వీధి చివర చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌ వారి రాతి చర్చి ఒకటి ఉంది. ఆ మధ్య ఒక ఆదివారం అక్కడికి వెళితే ముప్పై మంది కూడా లేరు, ఉన్నవారిలో చాలామంది డెబ్బై దాటినవారే.

పన్నెండేళ్ల మా అబ్బాయికి తెలుగు ప్రసంగం సగం కూడా అర్థం కాదు. ఈమధ్య వాడి స్నేహితుడు, "మీరు నిజంగా ఇదంతా నమ్ముతారా?" అని అడిగాడట. ఎగతాళి ఏమీ లేదు, ఉన్నది ఆశ్చర్యమే. ఊళ్లో మా విశ్వాసాన్ని గౌరవించినవారినీ చూశాను, ఎదిరించినవారినీ చూశాను గాని, దేవుని సంగతే అక్కరలేని మనుషుల మధ్య బిడ్డను పెంచడం నాకు కొత్త. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 59.3 శాతం మంది క్రైస్తవులమని చెప్పుకోగా, 2021 నాటికి అది 46.2 శాతానికి తగ్గింది. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం. ఇలాంటి చోట మేము మనవారి మధ్యే ఉండాలా, ఆ చిన్న చర్చిలో చేరాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత సంఘకాపరి, డోర్నకల్ అధ్యక్ష మండలం)

బ్రదర్, వందనములు. మీరు ఉంటున్న ఊరిలోనే ఈ ప్రశ్నను తన వృద్ధాప్యమంతా మోసిన ఒక పెద్దాయన ఉండేవారు. 1936లో స్కాట్లండ్ సంఘం పంపగా మిషనరీగా తమిళ దేశానికి వచ్చి, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి బిషప్పులలో ఒకరైన లెస్లీ న్యూబిగిన్‌గారు, 1974లో మద్రాసు బిషప్పుగా విశ్రాంతి తీసుకుని, భార్యతో కలిసి బస్సులెక్కి నేలదారినే ఇంగ్లండుకు తిరిగి వెళ్లారు. బర్మింగ్‌హాంలో కొన్నేళ్లు పాఠాలు చెప్పిన తరువాత, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, జైలుకు ఎదురుగా విన్సన్ గ్రీన్ పేటలో ఉన్న ఒక చిన్న సంఘానికి కాపరి అయ్యారు. ఎదిరింపు కన్నా చల్లని తృణీకారమే భరించడానికి కష్టమని ఆయన రాసుకున్నారు. మీ అబ్బాయి స్నేహితుడి ఆశ్చర్యం దానికంటే మెత్తనిదే అయినా, రెండింటికీ పుట్టిల్లు ఒకటేనని నాకనిపిస్తుంది.

ఆయన జీవితాంతం పట్టుకున్న మాట ఏమిటంటే, సువార్తను నమ్మి దాని ప్రకారం బ్రతికే స్థానిక సంఘమే లోకానికి సువార్తను అర్థం చేయించగలదు. వాదనలు అనవసరమని ఆయన అనలేదు, తానే ఎన్నో పుస్తకాలు రాశారు. అయితే ఆ పుస్తకాలను చదివి ఒప్పుకోవాలన్నా, ముందుగా తన వీధిలో అలా బ్రతికే మనుషులు కొందరు కనబడాలి గదా.

మన సంగతికి వస్తే, మా బిషప్ అజరయ్యగారి మాతృభాష తెలుగు కాదు. తిరునెల్వేలిలో పుట్టి, 1903లో అక్కడివారితో కలిసి ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించి, చివరకు తానే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో (మీ వీధి చివరి చర్చి కూడా ఆ కుటుంబానిదే) మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో పాశ్చాత్య మిషనరీలను ఆయన అడిగినది డబ్బు కాదు, స్నేహితులుగా ఉండమని. ఇప్పుడు ఆ ముప్పై మంది వృద్ధులు నోరు తెరిచి అడగకపోయినా, వారికి కావలసినదీ అదే. కాబట్టి వెళ్లండి అనే నా సలహా.

జవాబు (లెస్టర్‌లో నర్సుగా పనిచేస్తున్న ఒక సోదరి)

అయ్యగారి మాటలు గౌరవంతో చదివాను. అయినా తెలుగు ఫెలోషిప్పును తేలికగా విడిచిపెట్టకండి అన్నయ్యా. నేను ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో ఊరినుంచి మా అమ్మ మరణవార్త వచ్చింది, సెలవు దొరకక వెళ్లలేకపోయాను. అప్పటికి నాకు పెద్దగా పరిచయం లేని ముగ్గురు అక్కలు అన్నం, చారు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వచ్చి, హీటర్ పక్కన చాప పరిచి, అమ్మ పాడే కీర్తనలే రాత్రి పదకొండు దాకా పాడారు. ఆ రోజు నా నోటికి ఇంగ్లీషులో ప్రార్థన రాలేదు.

కాని మా పెద్దమ్మాయి యూనివర్సిటీకి వెళ్లాక ఆరాధనకు వెళ్లడం మానేసింది. అడిగితే, "అది మీ ఊరి సంఘం మమ్మీ, నాది కాదు" అన్నది. పిల్లలకు సండే స్కూలు ఇంగ్లీషులో ఉండాలని నేను పదేళ్ల కిందటే పెద్దలను అడిగి ఉండవలసింది, అడగలేదు. మీరైతే ఇప్పుడే అడగండి, వారు ఒప్పుకోకపోతే ఆ తరగతి మీరే మొదలుపెట్టండి.

జవాబు (మరొక సభ్యుడు)

ఒక చిన్న విషయం. ఇతర సంఘాలలో బాప్తిస్మం పొంది, అక్కడ ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) పాలుపొందుతున్నవారికి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లోనూ బల్లలో చోటుంది, మళ్లీ బాప్తిస్మం అడగరు. అయినా వెళ్లేముందు వికారుగారితో, అంటే అక్కడి కాపరితో, ఒకసారి మాట్లాడండి. మీ ఇల్లు ఆ పారిష్ (ఆ చర్చికి అప్పగించిన ప్రాంతం) పరిధిలో ఉంటే, మీరు సభ్యులు కాకపోయినా మీ కుటుంబం ఆయన బాధ్యతే.

తిరిగి ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం ఉదయం మేము ఆ చర్చికి వెళ్లాం. ఒక పెద్దావిడ చేతికర్ర బెంచీకి ఆనించి, పాటల పుస్తకంలో పేజీ తీసి మా అబ్బాయి చేతిలో పెట్టింది. ఆరాధన తరువాత టీ ఇస్తూ, వచ్చే వారం వాక్యపాఠం నువ్వు చదువుతావా అని వాణ్నే అడిగింది, మమ్మల్ని కాదు. ఇకమీదట ఉదయం అక్కడికీ, నెలకు రెండు ఆదివారాలు మధ్యాహ్నం ఫెలోషిప్పుకూ వెళ్లాలని నేనూ నా భార్యా అనుకున్నాం. సండే స్కూలు గురించి ఫెలోషిప్పు పెద్దలకు ఉత్తరం రాశాను, జవాబు రావలసి ఉంది.

మావాడికి లూకా 15వ అధ్యాయంలో ఒక భాగం ఇచ్చారు. ఆదివారం దాకా రోజూ రాత్రి భోజనం అయ్యాక వాడు ఇంగ్లీషులో చదువుతున్నాడు, వాళ్లమ్మ అవే వచనాలు తెలుగులో చదువుతోంది. నిన్న "తప్పిపోయి దొరకెను" అన్న మాటకు అర్థమేమిటని వాడు అడిగితే, చెప్పేసరికి పది దాటింది.