ఫిబ్రవరిలో గాలం ట్రిప్పు ఎక్కడికి? (వదలాలా తినాలా అన్న గొడవ వద్దు ప్లీజ్)

బెండు_మునిగింది

అందరికీ నమస్తే. ఫిబ్రవరి మూడో వారంలో ఐదు రోజులు సెలవు దొరికింది. నేను, మా బావ, మా నాన్న. హైదరాబాద్ నుంచి బయల్దేరతాం. నాన్నకి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా గాలం చేతికిస్తే పొద్దుగూకే దాకా లేవరు. ఇన్నాళ్లూ ఊరి బయట డబ్బు కట్టి పట్టుకునే చెరువుల దగ్గరే కూర్చున్నాం. ఈసారైనా కాస్త దూరం పోదామని.

అనుకున్నవి మూడు. కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరిలో మహసీర్, అదే ఆ పెద్ద నది చేప. హిమాచల్‌లో తీర్థన్ నది మీద ట్రౌట్, చన్నీళ్ల చేప. లేదంటే అండమాన్ వెళ్లి జీటీ (జెయింట్ ట్రెవలీ, సముద్రపు చేప). ఏది నయం? నాన్నకి పట్టిన చేప అక్కడే వండుకు తినాలని ఉంది. బావేమో ముద్దు పెట్టి వదిలేసే రకం. ఆ గొడవ మా ఇంట్లోనే సరిపడా ఉంది, ఇక్కడ మొదలెట్టకండి.

మహసీర్_పిచ్చోడు

తమ్ముడూ, ముందు కావేరి కొట్టేయ్. భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకలి, మూడూ అభయారణ్యం పరిధిలోవి. 2012 ప్రాంతంలోనే అక్కడ గాలం ఆపేశారు. ఇప్పుడు వెళ్తే గదిస్తారు, పుట్టిలో తిప్పుతారు. రాడ్ మాత్రం సంచిలోంచి తియ్యకూడదు. ఇంటర్నెట్‌లో పాత ఫోటోలు చూసి ఇంకా అడిగేవాళ్లు ఉన్నారు, అందుకే చెప్తున్నా.

తీర్థన్‌కి నీ తేదీలు కుదరవు. హిమాచల్‌లో ట్రౌట్‌కి నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు నిషేధం, అవి గుడ్లు పెట్టే కాలం. సెలవు మార్చికి జరుపుకోగలిగితే మాత్రం నీ మూడింటిలో నాన్నగారికి అదే హాయి. మనాలి బస్సెక్కి ఔట్ సొరంగానికి ముందే దిగాలి. అక్కడినుంచి లార్జీ, బంజార్ మీదుగా బండి దొరుకుతుంది. లైసెన్సు మత్స్యశాఖ ఇస్తుంది. ఒడ్డున రాళ్లుంటాయి, మోకాళ్ల సంగతి చూసుకోండి.

ఫిబ్రవరిలోనే అంటే అండమాన్ ఒక్కటే. సముద్రం నెమ్మదిగా ఉండే కాలం. కానీ జీటీకి పాపర్ విసరడమంటే రోజంతా బరువైన కొయ్యబొమ్మని విసిరి లాగడం. నా భుజం మూడోరోజుకి లేవలేదు. నాన్నగారికి ట్రోలింగ్ చేయించండి, అంటే కదిలే పడవ వెనక గాలం లాగడం, కూర్చునే పట్టొచ్చు. మా నలుగురికీ పడవ ఒక్కటే రోజుకి నలభై వేలు దాటింది. రాడ్లని పీవీసీ పైపులో పెట్టి చెక్-ఇన్ లగేజీలో వెయ్యండి, కొక్కేలతో సహా.

ఇక వదిలే మాట. వద్దన్నావు కానీ ఒక్కటే చెప్తా. ముల్లు లేని కొక్కెం, తడి చెయ్యి, నీళ్లలోంచి తీసి పది సెకన్లు. అంతే.

గోదారి_గాలి

చిన్న డౌటండి. తినకపోతే పట్టడం ఎందుకండీ? విస్తరి ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి ఫోటో దిగి, మళ్లీ ఆకులో పెట్టేసినట్టు. నాన్నగారి ఓటు నాదేనండి.

భీమిలి_అల

అండమాన్‌కి నాదో ఓటు. వైజాగ్ నుంచి కూడా వెళ్లొచ్చు. టోపీ మర్చిపోకండి.

చెరువుకట్ట

తడి చెయ్యి, పది సెకన్లు. వదిలిన చేప బతికిందని నీకెట్ల తెలుసు అన్నా? ఇంటికి పోయినంక ఫోన్ చేసిందా?

మహసీర్_పిచ్చోడు

మంచి ప్రశ్నే, వెటకారం తీసేస్తే. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, రోగాలు పట్టకుండా కాపాడేది అదే. పొడి చేత్తోనో తువ్వాలుతోనో పట్టుకుంటే అది ఊడిపోతుంది. అందుకే తడి చెయ్యి. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది, అందుకే ఎండాకాలం మధ్యాహ్నం నేను గాలం వెయ్యను. లోతులోంచి గబుక్కున లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బుతుంది, అలాంటిది వదిలినా బతకడం కష్టం, ఒప్పుకుంటా. ఇవన్నీ చూసుకుంటే చాలావరకు బతుకుతాయి.

చెరువుకట్ట

చాలావరకు అంటే? పదిలో ఎన్ని?

మహసీర్_పిచ్చోడు

జాతిని బట్టి, నీళ్లని బట్టి, పట్టినవాడిని బట్టి. ఒక్క అంకె చెప్పమంటే చెప్పలేను. మీ వలలో పడ్డవాటిలో పదికి ఎన్ని బతుకుతాయో మాత్రం చెప్పగలను.

చెరువుకట్ట

నేనెప్పుడన్నా వదులుతున్న అని చెప్పిన్నా? నేను చంపుత, అమ్ముత, తింట. దాచుకునేది ఏముంది. నువ్వే చంపుత లేనంటున్నవు, గందుకే లెక్క అడిగిన.

ఇజార్_ఒడ్డు

మ్యూనిక్ నుంచి ఒక మాట. ఇక్కడ గాలం పట్టాలంటే పరీక్ష రాసి పాసవ్వాలి. నేను రెండోసారికి పాసయ్యాను, జర్మన్ భాషలో చేపల భాగాల పేర్లు నేర్చుకోవడం నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కంటే కష్టం. తమాషా ఏమిటంటే, సరదాకి పట్టి వదిలేద్దామని గాలం వెయ్యడమే ఇక్కడ తప్పు. సరైన కారణం లేకుండా వెన్నెముకున్న జీవిని బాధపెట్టకూడదని జంతు సంరక్షణ చట్టం. తినడం సరైన కారణం, ఫోటో కాదు. చిన్నవైతే, నిషేధకాలంలో ఉన్నవైతే వదలాలి. స్విట్జర్లాండ్‌లోనూ 2009 నుంచి అంతే.

గోదారి_గాలి

విన్నారాండీ! జర్మనీ వాడు కూడా తినమన్నాడండి.

మహసీర్_పిచ్చోడు

జర్మనీలో చేపకి చట్టం, లెక్క, కాపలా అన్నీ ఉన్నాయి. మన నదిలో ఏముంది? కావేరి మూపురం మహసీర్ సంగతి తెలుసా? 1946లో మైసూరు దగ్గర కబిని నదిలో 120 పౌండ్లది పట్టారు. యాభై నాలుగు కిలోలు! అలాంటి చేపకి శాస్త్రీయ నామం ఖాయమయ్యింది 2018లో. అదే ఏడు అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కింది. పేరు పెట్టేసరికే పాడె కట్టాల్సి వచ్చింది. దీన్ని కూడా వండుకు తిందామా?

ఇంకో సంగతి. భీమేశ్వరి లాంటి ఆ కావేరి గాలం క్యాంపుల్లో సాయం చేసిన కుర్రాళ్లు అంతకుముందు తోటాలు పేల్చి చేపలు పట్టినవాళ్లు. క్యాంపు జీతమిచ్చింది, తోటాలు ఆగాయి. మేం బతికున్న చేపకి డబ్బిచ్చాం కాబట్టి అది బతికింది.

గోదారి గారూ, మీరు మరీ నవ్వకండి. సముద్రంలో ఉంటే విలస, గోదారి ఎక్కితే పులస. ఎందుకెక్కుతుంది? గుడ్లు పెట్టడానికి. సరిగ్గా అప్పుడే పుస్తెలమ్మి మరీ తింటారు మీరు. నేను వదిలే చేప గురించి మీరా నాకు చెప్పేది?

గోదారి_గాలి

పులస జోలికి రాకండి. గొడవైపోతుంది.

చెరువుకట్ట

మహసీర్ నేను చూడలే, దాని గురించి మాట్లాడ. నాకు తెలిసింది కొర్రమీను. నువ్వు కొర్రమీనుకు గాలం ఏస్తవా అన్నా?

మహసీర్_పిచ్చోడు

వేస్తాను. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నదే అది. గట్టి చేప, గాలి కూడా పీలుస్తుంది, నీళ్ల బయట చాలాసేపు ఉంటుంది. వదిలితే నూటికి నూరు బతికే చేప ఏదైనా ఉంటే అదే. లెక్క అడిగావుగా, ఇదిగో.

చెరువుకట్ట

దేంతోటి ఏస్తవు?

మహసీర్_పిచ్చోడు

రబ్బరు కప్ప. ఎందుకు?

చెరువుకట్ట

వానకాలంల ఎర్రగ పిల్లల గుంపు మీదికి తేలుతది సూడు, దాని మీదనే ఏస్తరు గద మీరు. వీడియోల నేను చూసిన. అది ఆకలికి కొట్టదు అన్నా. పిల్లల జోలికి ఏదో వచ్చిందని కొడ్తది. తల్లీ తండ్రీ రెండూ కావలి కాస్తయ్. మీరు దాన్ని లాగి, కొలిచి, ఫోటో దిగి, జై అని వదిలేలోపట కింద జెల్లలు, పరకలు ఆ పిల్లల్ని మింగుతయ్. తల్లి బతుకుతది, నువ్వన్నది నిజమే. పిల్లలు ఎన్ని బతుకుతయ్? గిది ఏ లెక్కల రాసుకుంటవ్?

మా నాయిన గుంపు కనబడితే ఆ దిక్కు వల ఏసేటోడు గాదు. ఆయనకు ముల్లు లేని కొక్కెం తెల్వది, ఇంగ్లీషు తెల్వది.

భీమిలి_అల

ఇది నాకు తెలీదు. అయ్యో.

మహసీర్_పిచ్చోడు

గుంపు మీద వేసేవాళ్లు ఉన్నారు, నేను కాదు. మా గ్రూపులో దాన్ని తిడతాం. కానీ ఒకటి అడుగుతా. ఆ చెరువుల్లో రాత్రిపూట కరెంటు పెట్టి పట్టేది ఎవరు? ఎండాకాలం నీళ్లు తగ్గాక అడుగుదాకా వల లాగి వేలెడంత పిల్లల్ని కూడా ఊడ్చేది ఎవరు? ఆదివారం గాలం వేసే పది మంది వల్ల చెరువు ఖాళీ అవ్వదు. వలల వాళ్లకి చేప అంటే కిలోల్లో లెక్క, అంతే. ప్రేమ మాటలు మాకు చెప్పొద్దు.

చెరువుకట్ట

వలల వాళ్లు. సరే. ఇగ చెప్తా విను.

మా చెరువు మా మత్స్య సహకార సంఘం కింద ఉంది. లీజు మేం కడ్తం, పిల్లలు ఏస్తం, రాత్రి కావలి మేమే. కరెంటు పెట్టెటోళ్లను పట్టుకుని కొట్టింది కూడ మేమే. ఆదివారం వస్తే కట్ట మీద కార్లు. రాడ్లు, కుర్చీలు, పాటలు. టికెట్ ఏమీ లేదు, అడిగిండ్రా అంటే అది కూడ లేదు. నేను పోయి సార్ ఇది సంఘం చెరువు అన్న. ఒకాయన నన్నే అడిగిండు, నువ్వెవరు, నీకు పర్మిషన్ ఉందా అని! మేం చేపల్ని కాపాడుతం, మీరు దొంగతనంగ పడ్తరు అన్నడు. మా తాత ఈత నేర్చుకున్న నీళ్లల్ల. ఫోన్ చేసిండు, బండి వచ్చింది, నా వల మూడు రోజులు స్టేషన్ల ఉంది. ఆయన రాడ్ ఆయన దగ్గర్నే ఉంది.

తడి చెయ్యో పొడి చెయ్యో నాకు కాదు అన్నా లెక్క. వదులుతున్నం అంటరు. ఎవలది వదులుతున్నరు? ఇంట్లకొచ్చి బీరువా తెరిచి, బంగారం మెళ్లో ఏసుకుని అద్దంల చూసుకుని, మళ్ల పెట్టిపోతున్న, దొంగను గాదు అన్నట్టుంది.

గోదారి_గాలి

...

ఇజార్_ఒడ్డు

ఇక్కడ ప్రతి నీటికీ ఒక సంఘం ఉంటుంది. పరీక్ష పాసైన కార్డు ఉన్నా, ఆ సంఘం టికెట్ విడిగా కొనకుండా బెండు తడపకూడదు. మనకి అది విదేశంలో అయితే క్రమశిక్షణ, ఊళ్లో అయితే దౌర్జన్యం.

మహసీర్_పిచ్చోడు

నాదీ వినండి. నాలుగేళ్ల క్రితం ఒక చెరువు దగ్గర, ఏ ఊరో చెప్పను, పదిమంది వచ్చి నా రాడ్ లాక్కుని మోకాలికేసి విరిచారు. పద్దెనిమిది వేలు. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు, ఆరేళ్లవాడు. బోర్డు లేదు, అడిగేవాడు లేడు, ముందు చెప్పినవాడు లేడు. టికెట్ ఇస్తే కట్టేవాణ్ణి. తీర్థన్‌లో కట్టలేదా? అదీ ఎవరి చేపకి? ఇంగ్లీషువాళ్లు తెచ్చి వేసిన ట్రౌట్‌కి! 1909లో కులు దగ్గర మహిలిలో హేచరీ, అంటే చేపపిల్లల్ని పొదిగే కేంద్రం, పెట్టారు. ఆ పరాయి చేప కోసం లైనులో నిలబడి లైసెన్సు తీసుకున్నా. మన రాష్ట్ర చేప కొర్రమీను. దానికి టికెట్ ఎవరినడగాలో చెప్పేవాడు లేడు.

ఆ రోజు నుంచి మావాడు గాలం ముట్టలేదు.

చెరువుకట్ట

పిలగాని ముందర అట్ల చెయ్యొద్దుండె. అది తప్పే. మా ఊరోళ్లు కాదు.

కానీ బోర్డు లేదంటే ఎవనిదో కాదన్నట్టా? పొలానికి బోర్డు ఉంటదా?

నిర్వాహకుడు

ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. వల, రాడ్, కులం, ఊరు మీద వ్యక్తిగతంగా వెళ్తే థ్రెడ్ మూసేస్తా. ప్రశ్న అడిగిన ఆయన ఉన్నారా?

బెండు_మునిగింది

ఉన్నానండీ. పొద్దున్నుంచి నాన్నకి పైకి చదివి వినిపిస్తున్నా. కొర్రమీను పిల్లల గుంపు మాట నిజమేనట, వాళ్ల ఊళ్లో కూడా దాని మీద వేసేవాళ్లు కాదట. అండమాన్ ఖర్చు విని నవ్వి ఊరుకున్నారు. బావ సెలవు మార్చికి జరిగేలా ఉంది, తీర్థన్ వైపే మొగ్గుతున్నాం. అది పరాయి చేప కాబట్టి తింటే తప్పులేదని నాన్న తీర్పు. బావ అలిగాడు.

మహసీర్_పిచ్చోడు

తినండి. ట్రౌట్ విషయంలో నేనూ వాదించను. లైసెన్సు మీద రోజుకి ఎన్ని, ఎంత పొడవు అన్నది రాసుంటుంది, అది మాత్రం దాటొద్దు. అక్కడున్న గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ హద్దు లోపలికి రాడ్ పట్టుకెళ్లొద్దు.

చెరువుకట్ట

ఫిబ్రవరిల ఖాళీ ఉంటే, ఒక్క రోజు మా దిక్కు కూడ రండ్రి. ఆదివారం వద్దు, బుధారం. సంఘంల మాట్లాడి టికెట్ పెట్టిస్త, రెండొందలు. మీ నాయిన ఒక చేప తీస్కపోవచ్చు, అక్కడ్నే కట్టెల పొయ్యి మీద వండుకోవచ్చు. కప్పబొమ్మ వద్దు, వానపాము ఏసుకోండ్రి.

మహసీర్_పిచ్చోడు

రెండొందలేనా?

చెరువుకట్ట

నీకు ఐదొందలు.

గోదారి_గాలి

ఆయ్, బేరం మొదలైందండి. పులస మాట వెనక్కి తీసుకుంటే నేనూ వస్తానండి.

మహసీర్_పిచ్చోడు

తీసుకోను.

భీమిలి_అల

మార్చిలో తీర్థన్‌కి స్వెట్టర్ కావాలా? ఎవరైనా అది చెప్పండి.