ఐటీఐ అయ్యాక బోరు మోటరు వైండింగ్ నేర్చుకుంటే నామోషీయా?

ప్రశ్న (సిద్దిపేట)

ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసైన కుర్రాడు బోరు మోటర్ల వైండింగ్‌లోకి (కాలిన మోటర్లో కొత్త రాగి తీగ చుట్టే పని) దిగుతానంటున్నాడు. ఇంట్లోవాళ్లు మాత్రం మాల్‌లో నిలబడే పనైనా, బండి మీద పార్సెళ్లిచ్చే పనైనా ఫరవాలేదు, వైండింగ్ షాపంటే మాత్రం సంబంధాలు రావని పట్టుబట్టారు. అసలు ఈ పనిలో నేర్చుకోవాల్సిందేముంది? ఎక్కడ దెబ్బతింటారు? దీనికి ఇంత చిన్నచూపు ఎందుకొచ్చింది? తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

జవాబు: తీగచుట్ట

తీగ చుట్టడమే కదా అనుకుంటారు. చేతికి చుట్టడం అలవాటవడానికి కొన్ని నెలలు చాలు. అసలు విద్య పాత కాయిళ్లు పీకకముందే మొదలవుతుంది. స్లాట్లు (కాయిళ్లు కూర్చునే గాళ్లు) ఎన్ని, పిచ్ (కాయిల్ ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కు) ఎంత, కాయిల్‌కు చుట్లెన్ని, తీగ గేజ్ (మందం నంబరు) ఎంత, ఒంటి తీగా జంట తీగా, మూడు ఫేజులనూ కలిపింది స్టారా డెల్టానా, అన్నీ నోట్‌బుక్కులో ఎక్కాలి. ఉదాహరణకు 24 స్లాట్ల, 2 పోళ్ల (అయస్కాంత ధ్రువాల) స్టేటర్‌లో (మోటర్లో తిరగని భాగం) 1-12, 2-11 పిచ్‌తో ఒక్కో సెట్టుకు రెండు కాయిళ్లు, ఫేజుకు రెండు సెట్లు, మొత్తం ఆరు సెట్లు వస్తాయి. చుట్లు లెక్కపెట్టకుండా కోసి పారేస్తే ఇక అంతా అంచనాయే. చుట్లు తగ్గితే లోడు లేకపోయినా కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ఎక్కువైతే తిరుగుతుంది గానీ నీళ్లు పైకి ఎత్తలేదు.

గేజ్ కొలిచేటప్పుడు ఎనామిల్ (తీగ మీది పూత) గీకి, నీటిలో నడిచే మోటరు తీగైతే పైనున్న ఫిల్మ్ ఒలిచి, ఉత్త రాగినే మైక్రోమీటరుతో చూడాలి. కొత్తవాళ్లు పైపొరతో కలిపి కొలిచి మందం తీగ తెచ్చుకుంటారు. ఆ చుట్లు స్లాట్‌లో పట్టవు. సుత్తితో దిగ్గొడతారు, పొర చీలుతుంది. నీళ్లలోకి దించిన రెండో రోజుకే ఎర్త్, అంటే కరెంటు మోటరు బాడీకి లీకవుతుంది.

ఎనామిల్ తీగ మోటర్లలో పాత వైండింగ్ తేలిగ్గా ఊడుతుందని కొందరు స్టేటర్‌ను గ్యాస్ మంట మీద కాలుస్తారు. స్టేటర్ ఇనుప రేకుల మధ్యనుండే సన్నటి పూత కాలిపోతుంది. ఎంత మంచి రాగి వేసినా ఆ మోటరు ఇక చల్లగా నడవదు.

జవాబు: గేజ్‌బాబు

పై అన్నయ్య చెప్పనిది ఒకటుంది. బేరం. రైతు నాలుగు షాపులు తిరిగి అందరికన్నా తక్కువ చెప్పినవాడికిస్తాడు. ఆ రేటుకు చేయాలంటే రాగిలోనే కోయాలి. 19 గేజ్ మందం 1.016 మిల్లీమీటర్లు, 20 గేజ్ 0.914. కంటికి తేడా తెలీదు. కానీ రాగి 19 శాతం తగ్గిపోయింది. అదే కరెంటుకు తీగలో పుట్టే వేడి దాదాపు 23 శాతం పెరిగింది. ఎండాకాలం వోల్టేజీ పడిపోగానే ఆ మోటరు మళ్లీ షాపుకే వస్తుంది, పేరు మాత్రం మొత్తం పనివాళ్లందరిదీ పోతుంది. 19 దొరక్కపోతే రెండు 22 గేజ్ తీగలు జంటగా చుట్టండి, సుమారుగా సరిపోతుంది.

పాత రాగి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఎదురుగా తూచి, తిరిగి ఇస్తున్నారో బిల్లులో తగ్గిస్తున్నారో రాసివ్వకపోతే "రాగి కొట్టేశాడు" అన్న మాట పడటం ఖాయం.

జవాబు: వైర్‌మ్యాన్

చిన్నచూపు డబ్బువల్ల వచ్చింది కాదు, మాటలో ఉంది. వైండింగోడు, ప్లంబరోడు అంటాం. పార్సెల్ తెచ్చే కుర్రాడు కంపెనీ భాషలో "పార్ట్‌నర్". కానీ 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్‌కిచ్చిన నిర్వచనం చదవండి: సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసేవాడు. చొక్కా మీద కంపెనీ పేరుంది కదాని ఉద్యోగం అనుకుంటున్నాం, అంతే.

ఇంకో విడ్డూరం. ఏసీ కంపెనీ మనిషి గడప తొక్కితేనే విజిట్ చార్జి, ఎవరూ నోరెత్తరు. మేస్త్రి అరగంట చూసి "తప్పు మోటర్‌ది కాదు, లైన్‌ది" అని చెబితే అది ఉచితం. నిజానికి ఆ అరగంటే చదువు. మూడు ఫేజుల్లో టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెట్టి కరెంటు రాసుకోవాలి. పది శాతం దాటి తేడా ఉంటే మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరిపి మళ్లీ చూడాలి. తిరిగే దిశ మారదు. ఎక్కువ కరెంటు అదే లైన్‌లో ఉండిపోతే లోపం సరఫరాది. వైరుతోపాటు జరిగితే మోటరు వైపుది. ఇది తెలియనివాడు ఒక ఫేజు పోయిన స్టార్టర్‌నే ఉంచి కొత్త వైండింగ్ దించుతాడు, వారంలో మళ్లీ కాలుస్తాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటరును వాటంతటవే ఆన్ చేసేవి) తీసేయమన్నది ఊరికే కాదు: కరెంటు రాగానే ఫీడర్‌లోని (ఒకే సరఫరా లైన్ మీది) మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే వోల్టేజీ కుప్పకూలుతుంది.

కాబట్టి చూసినందుకు విడిగా తీసుకోండి. బిల్లు మీద గేజ్, చుట్లు, రాగి బరువు, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) రీడింగ్, మూడు ఫేజుల కరెంటు రాయండి.

జవాబు: ఎదురుమాట

మరీ పొగడకండి. అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ ఇంటి మోటర్లకు వైండింగ్ కూలి, రాగి కలిపితే కొత్తదాని ధరకు దగ్గరవుతోంది, జనం పారేసి కొనుక్కుంటున్నారు. పని మిగిలేది 5 హెచ్‌పీ, ఆ పైన. అదీ ఎండాకాలం రాత్రింబవళ్లు, వానాకాలం ఖాళీ. అప్పు చూస్తే, చేతివృత్తులవాళ్ల కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో వడ్రంగి, తాపీమేస్త్రి ఉన్నారు, మోటరు వైండింగ్ లేదు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోను అడగాలి, అందులో శిశు విభాగం కింద 50 వేల వరకు.

జవాబు: తీగచుట్ట

వానాకాలం ఖాళీ మాట నిజమే. అందుకే వైర్‌మ్యాన్ పర్మిట్ కూడా తీసుకోవాలి, ఇళ్ల వైరింగ్ ఆ నెలలు నడుపుతుంది.

కుర్రాడు ఏ షాపులో చేరాలో ఇలా చూడండి. నీటి తొట్టి ఉందా? నీటిలో నడిచే స్టేటర్ జాయింట్లు టేపు చుట్టాక తొట్టిలో ముంచి 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తున్నారా? మోటరు ఇచ్చేటప్పుడు లోపల శుభ్రమైన నీళ్లు నింపి, గాలి పోయాకే బిరడా బిగిస్తున్నారా? నీళ్లు లేకుండా దించితే బుష్‌లూ, కింది కార్బన్ బేరింగూ ముందు పోతాయి, వైండింగ్ తర్వాత. తొట్టి లేని షాపులో ఒక్కరోజు కూడా ఉండొద్దనండి.