మాయ (ప్లసెంటా) ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ని ఆపేస్తుంది కదా, మరి తల్లి ఒత్తిడి పిండం మెదడు దాకా ఎలా వెళ్తోంది?

బయోకెమ్_సందేహం:
మాయలోని 11-బీటా-హెచ్‌ఎస్‌డి-2 ఎంజైమ్ తల్లి కార్టిసాల్‌ని కార్టిసోన్‌గా మార్చి నిర్వీర్యం చేస్తుందని చదివాను. అలాంటప్పుడు తల్లి ఒత్తిడి పిండం మెదడుని తాకేది ఏ దారిన? ఇంకోటి, కాన్పు తర్వాత మాయలో ఈ ఎంజైమ్‌ని కొలవాలంటే నమూనా ఎలా తీయాలి? ఒక పేపర్‌కీ ఇంకో పేపర్‌కీ పొంతన కుదరడం లేదు.

స్టెరాయిడ్_లెక్కలు:
దాన్ని గోడ అనుకోవడం దగ్గరే చిక్కండీ. అది జల్లెడ. తల్లి రక్తంలో కార్టిసాల్ పిండం రక్తంలో కన్నా 5 నుంచి 10 రెట్లు ఎక్కువ. మాయ అందులో చాలా భాగం ఆపినా 10–20 శాతం దాటుతుంది. లెక్క వేసి చూడండి: 90 శాతం ఆపేది 80 శాతమే ఆపితే ఎంజైమ్ కాస్తే తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ పిండానికి చేరేది రెట్టింపవుతుంది.

ఎంజైమ్‌ని తగ్గించేవి ఆక్సిజన్ కొరత, వాపు కలిగించే సైటోకైన్లు అనే ప్రొటీన్లు, దీర్ఘకాలిక ఒత్తిడి. ఎలుకల్లో తాత్కాలిక ఒత్తిడికి ఈ ఎంజైమ్ చురుకుదనం పెరుగుతుంది. అదే ఒత్తిడి రోజుల తరబడి సాగితే ఆ పెరిగే శక్తి పోతుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ దీన్ని నేరుగా అడ్డుకుంటుంది. గర్భిణులు అది ఎక్కువగా తినొద్దనడానికి కారణం ఇదే.

స్టెరాయిడ్ మందుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. ప్రెడ్నిసొలోన్‌ని మాయ చాలావరకు నిర్వీర్యం చేస్తుంది, బీటామెథసోన్, డెక్సామెథసోన్ దాదాపు అలాగే దాటిపోతాయి. నెలలు నిండక ముందే కాన్పు వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం బీటామెథసోన్ 12 మిల్లీగ్రాములు, 24 గంటల తేడాతో రెండు డోసులు ఇచ్చేది అందుకే.

ట్రోఫోబ్లాస్ట్:
పైదంతా సరే, కానీ కథంతా కార్టిసాల్ చుట్టూనే తిప్పితే సగమే చెప్పినట్టు. మాయ తానే హార్మోన్లు తయారుచేస్తుంది. మెదడులోని హైపోథాలమస్‌లో కార్టిసాల్ పెరిగితే సిఆర్‌హెచ్ (కార్టిసాల్ తయారీని మొదలుపెట్టించే హార్మోన్) తగ్గుతుంది. మాయలో దానికి పూర్తిగా విరుద్ధం: కార్టిసాల్ పెరిగేకొద్దీ సిఆర్‌హెచ్ కూడా పెరుగుతుంది.

మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం సెరటోనిన్ సంగతి మరీ ఆసక్తికరం. ఎలుక పిండాల్లో ముందరి మెదడుకి తొలిదశలో సెరటోనిన్ మాయ నుంచే వస్తుందని 2011లో చూపారు. ముడిసరుకు తల్లి రక్తంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. మనుషుల్లో మాయ దాన్ని తయారుచేస్తుందా, తల్లి రక్తం నుంచి లాక్కుంటుందా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఎలుకల ఫలితాన్ని మనిషికి అంటగట్టే ముందు ఒకసారి ఆగాలి.

మగ, ఆడ పిండాల డేటా కలిపేయొద్దు. ప్రొటీన్లకు చక్కెర అణువు అతికించే ఎంజైమ్‌కి చెందిన ఓజీటీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగ మాయలో దాని మోతాదు తక్కువ. గర్భం మొదటి వారంలో ఒత్తిడికి గురైన ఎలుకల్లో దెబ్బ ఎక్కువగా మగపిల్లల మీదే కనిపించింది. రెండూ కలిపి సగటు తీస్తే ఈ తేడా మాయమవుతుంది.

మైనస్80:
నమూనా గురించి. పొంతన కుదరకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

మాయ దాదాపు అరకిలో బరువు, అంతటా ఒకేలా ఉండదు. బొడ్డుతాడు అతుక్కున్న చోటికీ అంచుకీ మధ్యలో, నాలుగు వైపుల నుంచి తీయండి. తెల్లబడిన, గట్టిపడిన చోట్లు వదిలేయండి. తల్లి వైపు పొర, డెసిడువా, 2–3 మిల్లీమీటర్లు కోసి పారేయాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. డెసిడువాలో ఉండే 11-బీటా-హెచ్‌ఎస్‌డి-1 ఉల్టా పని చేస్తుంది, కార్టిసోన్‌ని మళ్లీ కార్టిసాల్ చేస్తుంది. అది కాస్త అంటుకున్నా మీ రీడింగ్ మీద నమ్మకం ఉండదు.

చల్లని పీబీఎస్‌లో (ఉప్పు బఫర్ ద్రావణం) రక్తం పోయేదాకా కడగాలి. ఆర్‌ఎన్‌ఏ కోసమైతే 5 మిల్లీమీటర్లకు మించని ముక్కలు, అయిదు రెట్లు ఆర్‌ఎన్‌ఏ-లేటర్ (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ద్రావణం), రాత్రంతా 4 డిగ్రీల్లో, ఆ తర్వాత మైనస్ 80. ఎంజైమ్ చురుకుదనం కోసమైతే ఆ ద్రావణం వద్దు, నేరుగా ద్రవ నైట్రోజన్‌లో ముంచండి. కొలిచేటప్పుడు ఈ ఎంజైమ్ పనిచేయడానికి కావలసిన సహకారి అణువు ఎన్‌ఏడీ వేయాలి, ఎన్‌ఏడీపీ కాదు. కాన్పు నుంచి అరగంటలోపు ముగించి, పట్టిన నిమిషాలు రాసుకోండి. ఎంజైమ్ తయారీకి సూచన మోసే ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగినంత మాత్రాన చురుకుదనం పెరిగినట్టు కాదు.

బయోకెమ్_సందేహం:
థాంక్సండీ. మాయ జోలికి పోకుండా బొడ్డుతాడు రక్తంలో కార్టిసోన్–కార్టిసాల్ నిష్పత్తి చూస్తే చాలదా?

స్టెరాయిడ్_లెక్కలు:
చూడొచ్చు, కానీ సిరనీ ధమనులనీ విడివిడిగా తీయండి. మాయ నుంచి పిండానికి వెళ్లేది సిర రక్తం. ధమనిలో పిండం సొంత అడ్రినల్ గ్రంథి చేసే కార్టిసాల్ కూడా కలుస్తుంది. నొప్పులు పడ్డ కాన్పులనీ, నొప్పులు రాకముందే చేసిన సిజేరియన్లనీ ఒకే గుంపులో పెట్టొద్దు, ఎందుకంటే నొప్పులే కార్టిసాల్‌ని బాగా పెంచేస్తాయి. ఇంకోటి, తల్లి చెప్పే ఒత్తిడి స్కోరుకీ ఆమె కార్టిసాల్‌కీ సంబంధం బలహీనం. రెండూ కొలవండి, ఒకదాని బదులు ఇంకోటి వాడొద్దు. పైగా నాలుగో నెలలో మాయ ఎలా ఉండేదో కాన్పు రోజు తీసిన ముక్క చెప్పదు.