'నీరు' వెతికితే నోరు, నూరు వస్తున్నాయి: ఎస్‌క్యూలైట్‌లో తెలుగు సెర్చ్ కుదరడం లేదు

పాతసంచిక:
పాత మాసపత్రిక సంచికలను స్కాన్ చేసి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చడం) చేయించి, సుమారు 4,000 పేజీల పాఠాన్ని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెట్టాం. శీర్షికకు ఒక కాలమ్, పాఠానికి ఒక కాలమ్. పాఠంలో మాటలు వెతకడానికి అందులో ఉండే ఎఫ్‌టీఎస్5 టేబుల్‌ను మామూలు సెట్టింగులతోనే కట్టాం. 'నీరు' అని కొడితే నోరు, నారు, నూరు ఉన్న పేజీలు కూడా వస్తున్నాయి. 'కాలు' అంటే కూలి, కీలు. ఇంగ్లిష్ మాటలకు మాత్రం సరిగ్గానే పనిచేస్తోంది. ఓసీఆర్ తప్పులేమోనని పేజీలు తెరిచి చూస్తే పాఠం శుభ్రంగానే ఉంది. లోపం ఎక్కడుందంటారు?

గుణింతం:
ఓసీఆర్‌ది కాదండి, పాఠాన్ని మాటలుగా (టోకెన్లుగా) విడగొట్టే టోకెనైజర్‌ది. ఎఫ్‌టీఎస్5లో ఏమీ చెప్పకపోతే యూనికోడ్61 అనే టోకెనైజర్ నడుస్తుంది. అది అక్షరాలనూ (ఎల్ వర్గం) అంకెలనూ (ఎన్ వర్గం) సొంత వాడకానికి వదిలిన కోడ్‌లనూ (సీఓ వర్గం) మాత్రమే మాటలో భాగంగా లెక్కపెడుతుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్‌లో ఎమ్‌ఎన్, ఎమ్‌సీ వర్గాల్లో ఉన్నాయి. దాని దృష్టిలో అవి ఖాళీతో సమానం. అందుకే 'నీరు' కాస్తా 'న', 'ర' అనే రెండు టోకెన్లవుతుంది. నోరు, నారు, నూరు కూడా అచ్చంగా అంతే.

నమ్మకం కుదరాలంటే ఎఫ్‌టీఎస్5వొకాబ్ టేబుల్ ఒకటి కట్టి టోకెన్ల జాబితా చూడండి. తెలుగు మాటల చోట చాలావరకు ఒంటి హల్లులే కనిపిస్తాయి. తెలుగు సెర్చ్‌లో ఏ గొడవ వచ్చినా ముందు చూడవలసింది ఈ జాబితానే.

టేబుల్ కట్టేటప్పుడు టోకెనైజ్ ఆప్షన్‌లో యూనికోడ్61 పక్కన కేటగిరీస్ అని రాసి, ఎల్*, ఎన్*, సీఓలతో పాటు ఎమ్‌ఎన్, ఎమ్‌సీ కూడా చేర్చండి (ఆదేశంలో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి). ఉన్న టేబుల్‌కు ఈ ఆప్షన్ మార్చడం కుదరదు. కొత్త టేబుల్ కట్టి పాఠాన్ని మళ్లీ ఎక్కించాల్సిందే.

పాతసంచిక:
చేశాను, నీరు–నోరు గొడవ పోయింది. ధన్యవాదాలు. కానీ ఇంతకుముందు 'పుస్తకం' అంటే పుస్తకాలు, పుస్తకంలో కూడా వచ్చేవి. ఇప్పుడు అచ్చంగా 'పుస్తకం' ఉన్న పేజీలే వస్తున్నాయి.

గుణింతం:
అప్పుడు వచ్చినవి యాదృచ్ఛికంగా వచ్చాయి. 'పుస్తకం' అప్పట్లో 'ప', 'స', 'తక' అయ్యేది, 'పుస్తకాలు'లో ఆ మూడూ వరసగా ఉన్నాయి కాబట్టి దొరికేది. ఇప్పుడు మాట మాటగా ఉంది కనుక విభక్తుల సంగతి మనమే చూసుకోవాలి.

సున్నతో ముగిసే మాటకు సున్న తీసేసి నక్షత్రం పెట్టండి: పుస్తక*. పుస్తకము, పుస్తకాలు, పుస్తకానికి, పుస్తకంలో అన్నీ పడతాయి. నక్షత్రం కొటేషన్ గుర్తుల బయట ఉండాలి, లోపల పెడితే పనిచేయదు. ఇకారంతాలకు బహువచనంలో అచ్చు మారుతుంది కాబట్టి రెండు రూపాలివ్వాలి: పద్ధతి* ఆర్ పద్ధతు*, సమితి* ఆర్ సమితు* (ఆర్ అంటే 'లేదా'). చిన్న మాటలకు నక్షత్రం ప్రమాదం. కల* అంటే కలం, కలప, కలెక్టర్ కూడా వస్తాయి. కనీసం మూడక్షరాలు మిగిలితేనే నక్షత్రం, లేదంటే రూపాలను విడివిడిగా రాయండి: కల ఆర్ కలలు ఆర్ కలలో ఆర్ కలను.

ఔపవిభక్తికాలకు (విభక్తి చేరేముందు రూపం మారే మాటలకు) నక్షత్రం చాలదు. ఇల్లు–ఇంటి–ఇళ్లు, కన్ను–కంటి–కళ్లు, నీరు–నీటి, రాయి–రాతి, చేయి–చేతి, నోరు–నోటి. వీటికి చిన్న పట్టిక ఒకటి చేతితో రాసుకోవడమే మేలు. ఆ పట్టికలోనే ఊళ్ల పేర్లు కూడా వేయండి. పాత పత్రిక కాబట్టి బెజవాడ–విజయవాడ, బందరు–మచిలీపట్నం, ఓరుగల్లు–వరంగల్, చెన్నపట్నం–మద్రాసు తప్పకుండా కావాలి. పట్టికను క్వెరీ (వాడుకరి వెతికే) సమయంలోనే వాడండి. ఇండెక్స్‌లో కలిపేస్తే ఒక్క మాట చేర్చినా అంతా మళ్లీ కట్టాలి.

లిపిశోధన:
లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ 9 వరుసలో తెలుగు ఎనలైజర్ ఉంది, ప్రత్యయాలను కోసేసే స్టెమ్మర్‌తో సహా. లూసీన్ మీద కట్టిన సెర్చ్ సర్వర్ సోలార్‌కు మారే ఓపిక ఉంటే అదీ ఒక దారే. 4,000 పేజీలకు మాత్రం అంత అవసరం లేదనే నా అభిప్రాయం. స్టెమ్మర్ పెట్టుకున్నా ఇల్లు–ఇంటి పట్టిక రాసుకోక తప్పదు.

అంతకంటే ముందు లిపిని ఒక దారికి తేవాలి. అసలు పాఠాన్ని ముట్టుకోకుండా, సెర్చ్ కోసం వేరే కాలమ్ పెట్టి అందులో ఈ మార్పులు చేయండి. మొదట ఎన్‌ఎఫ్‌సీ (ఒకే గుర్తుకున్న వేర్వేరు యూనికోడ్ రూపాలను ఒకటి చేయడం) చేయాలి, ఎందుకంటే ఐత్వం 0సి48గా ఒకే కోడ్‌తోనూ ఉండవచ్చు, 0సి46, 0సి56 అని రెండు ముక్కలుగానూ ఉండవచ్చు. తర్వాత కంటికి కనిపించని 200సి, 200డి కోడ్‌లను తీసేయాలి. 'హైదరాబాద్‌లో' అని కొందరు 200సితో కొడతారు, కొందరు లేకుండా కొడతారు. ఆపైన అరసున్న తీసేయండి (వాఁడు–వాడు), ఱను ర చేయండి (గుఱ్ఱము, చెఱువు), ళ్ళను ళ్ల చేయండి, తెలుగు అంకెలను 0–9 చేయండి. శ, ష, సలను మాత్రం కలపొద్దు. శకలం, సకలం ఒకటైపోతాయి. వాడుకరి కొట్టిన మాటను కూడా ఇదే ఫంక్షన్ గుండా పంపాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇక్కడే. ఇండెక్స్‌లో 'చెరువు' ఉండి, క్వెరీ 'చెఱువు'గానే వెళితే ఒక్క పేజీ కూడా రాదు.

పాతసంచిక:
ఓసీఆర్ నిజంగా తప్పు చదివిన చోట్ల ఏం చేయాలి? ట్రైగ్రామ్ టోకెనైజర్ పెడితే సరిపోతుందని ఒకరు అన్నారు.

లిపిశోధన:
ఉన్నదున్నట్టు పెడితే సరిపోదండి. ట్రైగ్రామ్ (ఎస్‌క్యూలైట్ 3.34 నుంచి ఉంది) పాఠాన్ని మూడేసి కోడ్‌ల ముక్కలుగా కోసి, మాట మధ్యలో ఉన్న ముక్కను పట్టిస్తుంది, సంధి కలిసిన మాటలకు అది చాలా మంచిది. కానీ ఇచ్చిన ముక్క మొత్తం యథాతథంగా ఉంటేనే దొరుకుతుంది. 'పుస్తకం' బదులు 'వుస్తకం' అని చదివిన పేజీ రాదు.

అందుకని క్వెరీని మీరే మూడేసి కోడ్‌లుగా కోసి, మధ్యలో ఆర్ పెట్టి పంపండి. 'పుస్తకం'లో 7 కోడ్‌లున్నాయి (ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న) కనుక 5 ముక్కలు వస్తాయి. 'వుస్తకం'లో మొదటి ముక్క తప్ప మిగతా 4 అవే కాబట్టి ఆ పేజీ పైకే వస్తుంది. మూడు కోడ్‌ల కంటే చిన్నవైన 'ఆట', 'కల' వంటివి ట్రైగ్రామ్‌లో అసలు దొరకవు. ప–వ, ద–ధ–థ, మ–వు తారుమారు ఓసీఆర్‌లో తరచూ చూస్తాం. 'చెరువు' 'చెరుమ' అవుతుంది. చిన్న మాటలకు ఈ జంటలను మార్చి అదనపు క్వెరీ పంపడమే దారి.

ట్రైగ్రామ్‌ను వేరే టేబుల్‌గా ఉంచండి. అసలు టేబుల్‌లో 5 కంటే తక్కువ పేజీలు దొరికినప్పుడే దాన్ని అడిగి, 'దగ్గరి ఫలితాలు' అని కింద విడిగా చూపండి. రెండు టేబుళ్ల బీఎమ్25 స్కోర్లను (పేజీ క్వెరీకి ఎంత సరిపోతుందో చెప్పే విలువలను) కలిపి వరుస పెట్టకూడదు. వాటి కొలత ఒకటి కాదు.

గుణింతం:
స్కోరు మాట వచ్చింది కనుక: ఎఫ్‌టీఎస్5లో బీఎమ్25 విలువ ఎంత తక్కువైతే అంత మంచి ఫలితం. అవరోహణ క్రమం పెడితే పనికిరాని పేజీలు ముందుకొస్తాయి. శీర్షికకు 10, పాఠానికి 1 బరువు ఇచ్చి మొదలుపెట్టండి.

ఏ మార్పైనా నిలిపే ముందు, పాఠకులు నిజంగా అడిగే మాటలు 30 రాసుకుని, ఒక్కోదానికి రావలసిన పేజీల నంబర్లు పక్కన పెట్టుకోండి. మార్చిన ప్రతిసారీ 30నీ నడిపి, మొదటి 10 ఫలితాల్లో ఎన్ని సరైనవో, రావలసినవాటిలో ఎన్ని రాలేదో లెక్కించండి. ఆ 30లో ఇల్లు, నీరు, చెఱువు, బెజవాడ, ఒక రెండు కోడ్‌ల మాట, ఒక సంధి మాట తప్పకుండా ఉండాలి.