వేటాడిన జింకను ఇంటికి తెచ్చేటప్పుడు

ప్రశ్న: టెక్సాస్‌లో తెల్లతోక జింకల సీజనండీ. దారిలో వేట గిట్టనివాళ్లూ ఉంటారు. పికప్‌లో తెచ్చేటప్పుడు, ఫోటో పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు 1: ముందు జింకకు ట్యాగ్ (వేట లైసెన్స్‌తో వచ్చే చీటీ) కట్టండి. పేగులు కాలిబాటకు, పార్కింగ్‌కు దూరంగా తీయండి. బండిలో టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా తాడు బిగించండి, లేకపోతే హైవే గాలికి లేచిపోతుంది. టెయిల్‌గేట్ (పికప్ వెనక తలుపు) మూయాల్సిందే.

జవాబు 2: ఫోటోకు ముందు మూతి మీది రక్తం తడిగుడ్డతో తుడిచి, నాలుక లోపలికి నెట్టండి. గాయం కెమెరాకు కనపడకుండా అటువైపు ఉండాలి. జింక మీద కూర్చోవడం మాత్రం వద్దండీ, అది అగౌరవం.

జవాబు 3: గాయంతో తప్పించుకున్న జింక తెచ్చే చెడ్డపేరు ఇంకా పెద్దది. ఊపిరితిత్తులకు తగిలితే అరగంట, పొట్టకు తగిలితే 6–8 గంటలు ఆగి వెతకండి. ముందే తరిమితే లేచి దూరం పోతుంది, రక్తపు జాడ తెగుతుంది.

వేట వల్ల మేలేంటని ఎవరైనా అడిగితే 1937 నాటి అమెరికా చట్టం పిట్‌మన్-రాబర్ట్‌సన్ గురించి చెప్పండి. రైఫిళ్లు, తూటాల మీద 11% పన్ను వన్యప్రాణి సంరక్షణకు, వేట శిక్షణకు వెళ్తుంది.