ఎయిర్ ఫ్లో సెన్సర్ నిజంగానే పాడైందని తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత కారు. ఊళ్లో తిరిగేటప్పుడు ఇబ్బంది అంతగా తెలియడం లేదు కానీ, శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఎంత తొక్కినా పికప్ రావడం లేదు, మైలేజీ కూడా తగ్గింది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూశాము. పి0101, పి0171 అనే రెండు కోడ్లు కనిపించాయి. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మార్చాల్సిందేనని మెకానిక్ అంటున్నారు. సెన్సర్ ఖరీదైనది, ఒకసారి బిగించాక దుకాణం వాళ్లు వెనక్కి తీసుకోరు. కొనే ముందు లోపం సెన్సర్‌దేనని రూఢి చేసుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి. నా దగ్గర ఫోనుతో పనిచేసే బ్లూటూత్ స్కానర్ ఉంది.

జవాబు 1:
కొనే ముందు అడిగి మంచి పని చేశారు. ఆ రెండు కోడ్లలో ఏదీ సెన్సర్ పాడైందని చెప్పదు. సెన్సర్ చూపుతున్న గాలి లెక్క, త్రాటిల్ (తొక్కినప్పుడు తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు) తెరుచుకున్న మేరకూ ఇంజన్ వేగానికీ పొసగడం లేదని పి0101కు అర్థం. మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని పి0171కు అర్థం. సెన్సర్‌కూ త్రాటిల్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టం చిట్లినా ఇవే రెండు కోడ్లు రావచ్చు, ఎందుకంటే ఆ చీలిక గుండా దూరిన గాలి సెన్సర్ లెక్కలోకి రాదు.

సెన్సర్ లోపల కరెంటుతో వేడెక్కే సన్నని తీగ ఉంటుంది. దాన్ని చుట్టూ ఉన్న గాలి కంటే నిర్ణీత డిగ్రీలు ఎక్కువ వేడిలో నిలపడానికి ఎంత కరెంటు పడుతుందో చూసి, లోపలికి వెళ్లే గాలి బరువును సెకనుకు ఇన్ని గ్రాములని కట్టి చెబుతుంది. తీగ మీద దుమ్ము, నూనె పొర పేరుకుంటే దాని వేడి గాలికి సరిగా అందదు కాబట్టి, ప్రవాహం పెరిగేకొద్దీ సెన్సర్ ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. ఘాట్ మీదే బాధ తెలియడం దీనికి సరిపోతుంది, కానీ పెట్రోల్ పంపు బలహీనపడినా, పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది.

ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి, స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్‌లను కలిపి చూడండి. మిశ్రమం సరిచేయడానికి కారు కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో ఈ అంకెలు చెబుతాయి. మొత్తం పది శాతానికి లోపల ఉంటే ఆందోళన అక్కర్లేదు. ఐడిల్‌లో (బండి నిలిపి, తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే గాలి ఎక్కడో దొంగదారిన దూరుతోంది. ఐడిల్‌లో బాగానే ఉండి భారం పెరిగేకొద్దీ ఎక్కువైతే సెన్సర్‌నో పెట్రోల్ సరఫరానో అనుమానించాలి. ఆ తరువాత ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, రెండో గేరులో పూర్తిగా తొక్కి 4500 ఆర్‌పీఎం దగ్గర గాలి ఎన్ని గ్రాములు చూపిందో రాసుకోమనండి. ఫోను మీరు చూడవద్దు.

జవాబు 2:
పై సలహాకు ఒక చేర్పు. సెన్సర్ ప్లగ్గు పీకి నడపమని చాలామంది చెబుతారు. అలా చేస్తే కంప్యూటర్ తన దగ్గరున్న అంచనా లెక్కలతో ఇంజన్‌ను నడుపుతుంది, బండి మెరుగ్గా నడిస్తే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. అంతకు మించి అది రుజువు కాదు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే ప్లగ్గు తీయండి, తీసినప్పుడు పిన్నులకు చిలుము పట్టిందేమో, వైర్లు వదులయ్యాయేమో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ట్రిమ్‌ల మొత్తం ఐడిల్‌లో 4, 2500 దగ్గర 11, ఎత్తు రోడ్డు మీద నిలకడగా వెళ్తున్నప్పుడు 19 చూపింది. 4500 దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు గాలి 44 గ్రాములు. గొట్టంలో చీలికలు కనపడలేదు, ప్లగ్గు శుభ్రంగానే ఉంది.

జవాబు 1 ఇచ్చినవారు:
ఈ అంకెలతో విషయం దాదాపు తేలింది. మీ ఇంజన్ రెండు చుట్లకు 1.8 లీటర్ల గాలి పీలుస్తుంది కనుక 4500 దగ్గర సెకనుకు 67.5 లీటర్లు, మన ఎండాకాలపు గాలి లీటరుకు సుమారు 1.13 గ్రాములు తూగుతుంది కాబట్టి పూర్తిగా నిండితే 76 గ్రాములు. వాస్తవంలో ఎనభై, తొంభై శాతం వరకే నిండుతుందనుకున్నా 60కి పైగా కనిపించాలి.

పంపు బలహీనమైతే గాలి లెక్క సరిగా ఉండి ట్రిమ్ మాత్రమే పెరిగేది. ఎయిర్ ఫిల్టరో, పొగ గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరో మూసుకుపోతే గాలి నిజంగానే తగ్గేది కానీ, ఆ తగ్గిన గాలిని సెన్సర్ సరిగానే కొలుస్తుంది కనుక ట్రిమ్ ఇంతగా పెరిగేది కాదు. మీకు గాలి లెక్క తగ్గింది, ట్రిమ్ పెరిగింది. రెండూ కలిసి వచ్చాయి కాబట్టి సెన్సరే తక్కువ చెబుతోంది.

అయినా కొత్తది ఇప్పుడే కొనకండి. ఎయిర్ ఫ్లో సెన్సర్ల కోసమే అమ్మే క్లీనర్ స్ప్రే తెచ్చి, సెన్సర్ ఊడదీసి, తీగను దేనితోనూ తాకకుండా, దూది కూడా తగలనీయకుండా కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. కార్బురేటర్ క్లీనర్ మాత్రం వాడవద్దు. బిగించాక కోడ్లను చెరిపి, అదే రోడ్డు మీద అదే పరీక్ష మళ్లీ చేయండి. గాలి 60 దాటి, కొన్నాళ్లు నడిపాక ట్రిమ్ పదిలోపు నిలబడితే పని అయిపోయినట్టే. 44 దగ్గరే ఉండిపోతే అప్పుడు మార్చండి, కానీ పాతదాని మీద ఉన్న పార్ట్ నంబరుదే అడిగి తీసుకోండి. చవక నకిలీల కొలత మీ కంప్యూటర్ లెక్కతో కలవకపోతే ఇదే బాధ మళ్లీ మొదలవుతుంది. నూనె రాసి వాడే రకం ఎయిర్ ఫిల్టర్ గనుక వేసి ఉంటే, దాన్ని తీసేసి మామూలు కాగితపు ఫిల్టర్ వేయండి, డబ్బా క్లిప్పులన్నీ సరిగా పడ్డాయో లేదో చూడండి.