ముఖం గుంజే పేషెంటుకి వీ-హిట్‌లో కుడి గెయిన్ 0.58 వచ్చింది, నమ్మొచ్చా?

ఆడియాలజిస్టు, అమలాపురం:

నమస్కారమండి. 58 ఏళ్ళావిడకి కుడిపక్క హెమిఫేషియల్ స్పాజమ్, అంటే ముఖం ఒక పక్క దానంతటదే గుంజడం. కన్ను మూసుకుపోతుంది, మూతి కుడికి లాగేస్తుంది. నెలరోజులుగా నడకలో తూలు వస్తోందంటే ఈఎన్‌టీ వారు వీ-హిట్‌కి (తలని చటుక్కున తిప్పి, కన్ను టార్గెట్ మీదే నిలుస్తుందా అని గాగుల్స్ కెమెరాతో చూసే సంతులన పరీక్ష) పంపారు. మా గాగుల్స్‌లో కెమెరా కుడికంటికే ఉంది, మార్చడానికి లేదు. లేటరల్ కెనాల్ (లోపలి చెవిలో అడ్డంగా ఉండే సంతులన గొట్టం) గెయిన్, అంటే తల కదలికకి కన్ను ఎంతవరకు ఎదురు కదిలిందన్న నిష్పత్తి (1 దగ్గర ఉంటే మామూలు), కుడి 0.58, ఎడమ 0.91. కుడి ట్రేసుల (కంటి కదలిక గ్రాఫుల) నిండా ముళ్ళలాంటి గీతలే. కుడి చెవి బలహీనంగా ఉందని రాయాలా, కన్ను గుంజడం వల్ల అలా వచ్చిందనుకోవాలా? రెప్పకి టేపు వేసి మళ్ళీ చెయ్యొచ్చా? రాత్రి క్లోనాజెపామ్ (నరాలని శాంతింపజేసే మాత్ర) 0.5 మి.గ్రా. వేసుకుంటారు. గుంజే కండరాన్ని సడలించే బొటులినమ్ ఇంజెక్షన్ చేసి మూడు నెలలైంది, వచ్చే వారం మళ్ళీ చెయ్యాలి.

ఈఎన్‌టీ, కాకినాడ:

అంకె పక్కన పెట్టి ట్రేసు చూడండి. చెవి నిజంగా దెబ్బతింటే గెయిన్ తగ్గడంతో సరిపోదు, తల ఆగే వేళకో ఆగాకో కన్ను టార్గెట్ మీదకి దూకుతుంది. ఆ దిద్దుబాటు దూకుడు, అంటే సకేడ్, ఇంపల్స్ (తలని ఒకసారి చటుక్కున తిప్పడం) తర్వాత ఇంపల్స్‌లో దాదాపు ఒకే చోట కనిపించాలి. గెయిన్ 0.58 ఉండి సకేడ్లు లేవంటే ముందు కెమెరానే అనుమానించాలి. రెప్ప కొట్టిన ముల్లు సన్నగా, పైకీ కిందకీ రెండు దిక్కులా పోతుంది, ఒక్కో ఇంపల్స్‌లో ఒక్కో చోట వస్తుంది. మీ మెషీన్‌లో నిలువు కదలిక ట్రేసు కూడా ఉంటే అదే క్షణంలో అక్కడా ముల్లు ఉంటుంది.

ఇంకో సంగతి. కుడికంటి కెమెరాతో మామూలు మనిషికి కుడి గెయిన్ కాస్త ఎక్కువే వస్తుంది. కాబట్టి ఈ తేడాని కెమెరా ఏ పక్క ఉందన్న దానిమీదకి నెట్టలేం. ఇంపల్స్‌లు ఏ వరసలో ఇచ్చారు? గుంజుడు దఫాలుగా వస్తుంది. కుడివైపు 20 ఒకేసారి ఇచ్చేసి ఉంటే, ఆ రెండు నిమిషాల గుంజుడంతా కుడి చెవి ఖాతాలో పడిపోతుంది. కుడి, ఎడమ కలిపేసి, ఎటు తిప్పుతారో ఆవిడకి తెలియకుండా ఇవ్వండి.

దానికంటే ముందు గాగుల్స్ తీసేసి మామూలు కంటితో హెడ్ ఇంపల్స్ చూడండి. 1988లో హల్మాజీ, కర్తాయ్స్ చెప్పింది ఆ పరీక్షే. మీ ముక్కు మీద చూపు నిలపమని, ఎడమకన్ను గమనిస్తూ తలని కుడికి తిప్పండి. రెండు కళ్ళూ కలిసే కదులుతాయి, కుడి చెవి పోతే ఎడమకన్ను కూడా చెబుతుంది.

ఆడియాలజీ, భీమవరం:

టేపు వెయ్యొచ్చండి, కానీ పద్ధతిగా. ముందు కృత్రిమ కన్నీటి చుక్క ఒకటి. సన్నటి మైక్రోపోర్ టేపు ముక్కతో పై రెప్ప చర్మాన్ని కనుబొమ మీదకి తేలిగ్గా ఎత్తి అంటించాలి, కంటిపాప పూర్తిగా బయటపడితే చాలు. ఐదారు ఇంపల్స్‌లకోసారి ఆపి, టేపు వదులుచేసి, కన్ను మూయించాలి. లేకపోతే కార్నియా ఆరిపోతుంది. బెల్స్ పాల్సీలో (ముఖం ఒక పక్క చచ్చుబడడం) రెప్ప మూతపడని వాళ్ళకైతే టేపు అక్కర్లేదు, చుక్కలు మాత్రం తప్పనిసరి.

గాగుల్స్ సంగతి ఇంకా ముఖ్యం. బుగ్గ గుంజినప్పుడు కండ పైకి లేచి గాగుల్స్ కింది అంచుని తోస్తుంది. కెమెరా కదిలితే కన్ను కదిలినట్టే రాసుకుంటుంది. అందుకే స్ట్రాప్ గట్టిగా బిగించాలి, చెమట తుడిచి ఫోమ్ కొత్తది వెయ్యాలి. మన దగ్గర ఏసీ లేని గదిలో పది నిమిషాలకే ముక్కు మీద ఫోమ్ జారుతుంది. కాటుక పూర్తిగా తీసెయ్యాలి, ఆ నలుపునే కెమెరా కంటిపాప అనుకుంటుంది. తలకి కొబ్బరినూనె ఉంటే చేతులు జారతాయి, పొడిబట్టతో తుడవండి. గడ్డం పట్టుకోవద్దు, ముట్టుకుంటేనే మూతి గుంజుడు మొదలవ్వచ్చు. నడినెత్తిన, స్ట్రాప్‌కి తగలకుండా పట్టండి. టార్గెట్ ఒక మీటరు దాటి, తిప్పడం 10 నుంచి 20 డిగ్రీలే, వేగం సెకనుకి 150 డిగ్రీలు దాటాలి.

కెలోరిక్ (చెవిలోకి 30 డిగ్రీల చల్లనీళ్ళు, 44 డిగ్రీల వేడినీళ్ళు పోసి కంటి కదలిక చూసే పరీక్ష) చేస్తే ఎడమకన్నే రికార్డు చెయ్యండి. చెవిలో గుబిలి, కర్ణభేరికి రంధ్రం చూసుకున్నాకే నీళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు 30 డిగ్రీలు దాటే ఉంటాయి. వేడిచేసే మెషీన్ వాటిని చల్లబరచలేదు, ఐసు కలిపి థర్మామీటరుతో చూడాల్సిందే. 44 డిగ్రీలది ఇబ్బంది లేదు.

న్యూరాలజీ, రాజమండ్రి:

వచ్చే వారం ఇంజెక్షన్ ఉందన్నారు కాబట్టి, అది చేశాక రెండు నుంచి ఆరు వారాల మధ్య పరీక్ష మళ్ళీ పెట్టండి. మందు మూడు నుంచి ఏడు రోజుల్లో పట్టుకుంటుంది, ఆ వారాల్లో కన్ను బాగా తెరుచుకుంటుంది. ఇప్పుడు చేసింది ప్రభావం తగ్గిపోయిన రోజుల్లో.

ఓవెంప్ (చెవిలో శబ్దం ఇచ్చి కంటి కింద కండరం సిగ్నల్ కొలిచే సంతులన పరీక్ష) మాత్రం జాగ్రత్త. కింది రెప్పలో వేసిన మందు కన్నుని కదిలించే ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్ కండరానికి పాకవచ్చు, అప్పుడు కుడికన్ను కింద సిగ్నల్ తగ్గుతుంది. ఓవెంప్ ఎదుటి చెవి పరీక్ష కాబట్టి ఆ తగ్గుదల ఎడమ చెవి లోపంలా కనిపిస్తుంది. ఇంజెక్షన్ ముందు చేద్దామంటే రెప్ప కండరం గుంజుడు ఆ కొద్ది మైక్రోవోల్టుల తరంగాన్ని ముంచేస్తుంది. మెడ కండరం మీద చేసే అలాంటి పరీక్ష సీవెంప్ నయం, ఆ కండరానికి ముఖనాడితో పనిలేదు. అయితే దానిమీద పరుచుకున్న పల్చటి కండరం ప్లటిస్మా ముఖనాడిదే. మెడ పైచర్మం గుంజుతుంటే ఆ రికార్డులు వదిలెయ్యండి.

క్లోనాజెపామ్ కెలోరిక్ స్పందనని అణచివేస్తుంది, వీ-హిట్ మీద ప్రభావం తక్కువ. పరీక్ష కోసం ఆవిడని సొంతంగా మానేయమనకండి, రాసిన డాక్టరునే అడగాలి. రిపోర్టులో మాత్ర పేరు, మోతాదు రాయండి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది: అదే పక్క వినికిడి తగ్గిందా, చెవిలో హోరు ఉందా? ముఖనాడి, సంతులననాడి లోపలి చెవి కాలువలో పక్కపక్కనే పోతాయి. వీ-హిట్‌లో కుడిపక్క నిజంగానే తక్కువ అని తేలితే, అక్కడ రెండు నాడుల్నీ ఏదైనా నొక్కుతోందేమో చూడడానికి ఎంఆర్ఐ కావాలి.

ఆడియాలజిస్టు, అమలాపురం:

ట్రేసులు మళ్ళీ తీసి చూశానండి. ముళ్ళు ఒక్కోదాంట్లో ఒక్కో చోట ఉన్నాయి, కుడివైపు సకేడ్ రెండింటిలోనే ఉంది. ఇంపల్స్‌లు కూడా కుడివన్నీ వరసగా ఇచ్చినవే. "కన్ను మూతపడడం వల్ల కుడి గెయిన్ నిర్ధారించలేం" అని రాసి, ఇంజెక్షన్ అయిన మూడో వారానికి రమ్మంటాను. ఆడియోగ్రామ్ రేపే చేస్తాను.